డ్రాయర్‌లో దొరికిన ఎర్ర ఇంకు డైరీ: సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన మెయిళ్లలో సగానికి పైగా ఒకటే బాధ, క్లయింట్ ఏం కావాలో సరిగ్గా చెప్పడు, చెప్పింది చేస్తే ఇది కాదంటాడు. ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ చేయించుకునే వాళ్ల నుంచీ ఉత్తరాలు వచ్చాయి, వాళ్ల బాధ ఏంటంటే మేం చెప్పేది ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లు వినరని. అన్నీ కలిపి ఏడు ప్రశ్నలు తీసుకున్నా. మొదటిదానికి జవాబు కాస్త పెద్దదే అయింది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నేను బిజినెస్ అనలిస్ట్‌గా చేరి ఏడాదిన్నర అయింది, క్లయింట్‌కి ఏం కావాలో తెలుసుకుని రాసే పని. ఒక ఫైనాన్స్ కంపెనీకి లోన్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. నాలుగు నెలలు మీటింగులు పెట్టి సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో చెప్పే 140 పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాశాం, ప్రతి పేజీ మీదా సంతకం తీసుకున్నాం. తీరా యూఏటీ, అంటే వాడేవాళ్లే పరీక్షించి చూసే దశ, మొదలైన రోజే బ్రాంచ్ వాళ్లు వచ్చి ఇది మాకు పనికిరాదు అనేశారు. మా మేనేజర్ సంతకం చూపించి ఎక్స్‌ట్రా డబ్బులు అడగమంటున్నారు. ఇందులో తప్పెవరిది సార్?
(మాదాపూర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఒక్కటి చెప్పండమ్మా, ఆ 140 పేజీల మీద సంతకం పెట్టిందెవరు? మీ మెయిల్లోనే ఉంది, హెడ్ ఆఫీస్‌లో ఐటీ హెడ్, ఇంకా ఆపరేషన్స్ మేనేజర్. పనికిరాదు అన్నదెవరు? బ్రాంచ్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే వాళ్లు. నాలుగు నెలల్లో ఒక్క మీటింగుకైనా ఆ కౌంటర్ వాళ్లని పిలిచారా, పోనీ మీరే వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక రోజు కూర్చున్నారా? మీరు రాసినదాన్ని బట్టి లేదనే అనిపిస్తోంది. అందుకే సూటిగా చెప్తున్నా, తప్పులో ఎక్కువ భాగం మన వైపుదే. బాధపడకండి, ఇదే తప్పు నేనూ చేశా, అది చెప్తా వినండి.

నా మూడో ప్రాజెక్టు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి. ఓనర్ గారు ఏసీ రూములో కూర్చోబెట్టి టీ ఇచ్చి, చాలా సింపుల్ అండీ, రైతు సరుకు తెస్తాడు, లెక్కపెట్టి బాండ్ (సరుకు రసీదు) ఇస్తాం, తీసుకెళ్లేటప్పుడు అద్దె కట్టి తీసుకెళ్తాడు, అంతే అన్నారు. నేనూ అంతే రాసుకున్నా. మూడు స్క్రీన్లు, సరుకు లోపలికి రావడం, బాండ్ ప్రింట్, డెలివరీ. ఆయన చూసి భలే ఉంది అని సంతకం పెట్టారు. సీజన్లో గో లైవ్ పెట్టాం, అంటే సాఫ్ట్‌వేర్ నిజంగా వాడటం మొదలైంది, బయట లారీలు లైన్లో ఉన్నాయి, లోపల ఘాటుకి నాకు తుమ్ములు ఆగట్లేదు, గుమస్తా గారు మాత్రం తాపీగా కంప్యూటర్లో ఎంట్రీ కొడుతున్నారు. బాగానే నడుస్తోందని మురిసిపోయా.

మూడో రోజు చూశా, ఆయన కొన్ని ఎంట్రీలు కొట్టగానే డ్రాయర్ లాగి ఒక చిన్న డైరీ తీసి, ఎర్ర పెన్నుతో ఒక ముక్క రాసి మళ్లీ లోపల పెట్టేస్తున్నారు. ఏంటండీ అది అంటే ఏం లేదు సార్ నా గుర్తు కోసం అన్నారు. కాసేపు బతిమాలితే చూపించారు. అందులో ఒక లైన్ ఇలా ఉంది: బాండ్ 412, తేజ (మిర్చి రకం) 60 టిక్కీలు (బస్తాలు), ఇందులో 22 తమ్ముడివి, అన్నకి మొత్తం ఇవ్వొద్దు. దాని కింద ఇంకో బాండ్ నంబరు, శాంపిల్ రెండుసార్లు తీశారు, ఒక టిక్కీ తక్కువ ఉంటుంది. ఇంకో లైన్లో, బాండ్ బ్యాంకులో ఉంది, లోను తీరిన కాగితం చూడందే గేటు దాటనివ్వొద్దు.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక బాండ్‌కి ఒకే యజమాని. అంటే ఆ అన్న వచ్చి 60 టిక్కీలూ తీసుకెళ్లిపోతానంటే మా స్క్రీన్ ఓకే అనేస్తుంది. తమ్ముడి 22 టిక్కీలు, అంటే ఆ కుటుంబం ఏడాదంతా చేసిన కష్టం, ఒక గుమస్తా డ్రాయర్‌లో ఉన్న ఎర్ర ఇంకు మీద ఆధారపడి ఉంది. ఆ రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఓనర్ గారు అబద్ధం చెప్పలేదు, ఆయనకి నిజంగానే ఆ డైరీ సంగతి తెలీదు, తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే గుమస్తా ఇరవై ఏళ్లుగా ఏ గొడవా రాకుండా చూసుకుంటున్నాడు. ఆ గుమస్తాని మాత్రం నేను ఏమీ అడగలేదు. తర్వాత ఒక బాండ్‌లో వాటాదారులు, శాంపిల్ తీసిన లెక్క, బ్యాంకు తాకట్టు ఉంటే డెలివరీ ఆపడం, ఇవన్నీ పెట్టడానికి మూడు వారాలు పట్టింది, అదీ లారీలు లైన్లో ఉండగా. ముందే రెండు రోజులు ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని ఉంటే సరిపోయేది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే గానీ మన పనిలో అడిగే తీరు కూడా ముఖ్యం. మీకేం కావాలి అని అడిగితే ఎవరైనా తమకి తోచిన సాఫ్ట్‌వేర్ చెప్తారు, ఇక్కడో బటన్ అక్కడో రిపోర్ట్ అని. దాని బదులు పోయిన వారం వచ్చిన కస్టమర్ ఒకర్ని గుర్తు తెచ్చుకోండి, ఆయన వచ్చిన దగ్గర్నుంచీ వెళ్లేదాకా ఏం జరిగిందో చెప్పండి అనండి. ఎప్పుడైనా గొడవైందా, అప్పుడేం చేశారు అనండి. కంప్యూటర్లో కాకుండా ఇంకెక్కడైనా రాసుకుంటారా అని తప్పకుండా అడగండి, చేతి రిజిస్టరు, ఎక్సెల్ షీటు, గోడ మీద క్యాలెండరు, వాట్సాప్ గ్రూపు, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. పాత సిస్టమ్ ఎక్కడ చాలకపోయిందో సరిగ్గా అక్కడే ఆ చిట్టీలు పుడతాయి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. సంతకం చూపించి వాదనకి దిగకండి, గెలిచినా ఆ సాఫ్ట్‌వేర్ ఎవరూ వాడరు. రెండు బ్రాంచీల నుంచి కౌంటర్ వాళ్లని ఇద్దర్ని కూర్చోబెట్టి, నిజంగా జరిగిన పది లోన్ ఫైళ్లు తెప్పించి, ఒక్కోటీ మీ స్క్రీన్లలో మొదట్నుంచీ చివరిదాకా నడిపించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసుకోండి. వాళ్ల కంప్లయింట్లలో కొన్ని నిజంగా వదిలేసినవి ఉంటాయి, కొన్ని మీరు తప్పుగా అర్థం చేసుకున్నవి, మిగతావి కేవలం కొత్త స్క్రీన్ అలవాటు లేక వచ్చినవి. మూడోరకం ట్రైనింగ్‌తో పోతాయి. రెండోరకం మన ఖర్చుతోనే సరిచెయ్యాలి, అది న్యాయం. మొదటిరకం దగ్గర మాత్రమే డబ్బుల మాట ఎత్తండి, అది కూడా ఫైలు ముందు పెట్టుకుని.

ప్రశ్న: తణుకులో మాది రెడీమేడ్ బట్టల షాపు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక కుర్రాడితో చేయించుకున్నాను. ఏ చిన్న మార్పు అడిగినా మీరు ముందు చెప్పలేదు, ఎక్స్‌ట్రా అవుద్ది అంటాడు. నాకు కంప్యూటర్ భాష రాదు, ముందే అన్నీ ఎలా చెప్తాను?
(తణుకు నుంచి ఒక షాపు యజమాని)

జవాబు: మీరు కంప్యూటర్ భాషలో చెప్పాల్సిన పనే లేదండీ, మీ షాపు భాషలో చెప్తే చాలు, దాన్ని కంప్యూటర్ భాషలోకి మార్చడమే ఆ కుర్రాడి ఉద్యోగం. ఈసారి మాటల్తో చెప్పకండి, పాత బిల్లులు ఇవ్వండి. మామూలు బిల్లులు రెండు చాలు, మిగతావన్నీ తిక్క బిల్లులు ఏరండి. సైజు చాలక మార్చుకున్నది, డబ్బు వెనక్కిచ్చింది, పెళ్లివాళ్లు అడ్వాన్స్ కట్టి నెల తర్వాత మిగతాది ఇచ్చింది, సగం ఫోన్‌పేలో సగం క్యాష్‌లో కట్టింది, తెలిసినవాళ్లకి అప్పు రాసింది, పండగ ఆఫర్లో రెండు కొంటే ఒకటి ఫ్రీ ఇచ్చింది. ఇలాంటివి ఓ పదిహేను ఇచ్చి, ఇవన్నీ నీ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి చూపించు బాబూ, వస్తే డబ్బులిస్తా అనండి. ఇంతకన్నా మంచి రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ పెద్ద కంపెనీల్లో కూడా అరుదు.

ఇంకో మాట, జీఎస్టీ సంగతి. మీ సరుకునే తీసుకోండి, ఒక్కో డ్రెస్ ధర 1,000 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 12 అని ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గీత 2,500కి జరిగింది, లోపైతే 5, దాటితే 18. ఆ కుర్రాడు 1,000 అనే అంకెనీ 12 అనే అంకెనీ కోడ్ లోపల రాసేసి ఉంటే ఆ రోజు మీరు అతని ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటారు. మీ మెయిల్లో సెప్టెంబర్‌లో నాలుగు రోజులు చేతి బిల్లులు రాశాం అన్నారు, కారణం ఇదే అయ్యుండాలి. రేటూ, గీతా, అది ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో, ఈ మూడూ మీరే మార్చుకునే స్క్రీన్ అడగండి. తేదీ ఎందుకంటారా, పాత బిల్లు తిరిగొస్తే పాత రేటుతోనే లెక్క తేలాలి కదా. డిస్కౌంట్ ఇచ్చాక ధర గీత లోపలికి వస్తే ఏ రేటు వెయ్యాలో మీ ఆడిటర్‌ని అడిగి, కాగితం మీద రాయించి అతనికి ఇవ్వండి. అతను ఊహించి రాసుకోకూడదు, మీరూ ఊహించి చెప్పకూడదు.

డబ్బుల విషయంలో అతని వైపూ కాస్త ఆలోచించండి. మీరు చెప్పింది అతను చెయ్యకపోతే ఫ్రీగా చెయ్యాలి, ప్రభుత్వం మార్చినా మీరు మనసు మార్చుకున్నా అతని టైముకి డబ్బివ్వాలి. ఏడాదికి ఇంత అని మెయింటెనెన్స్ మాట్లాడేసుకుంటే రోజూ గొడవ ఉండదు.

ప్రశ్న: వైజాగ్‌లో ఒక ఫ్యాక్టరీకి పదిహేనేళ్ల పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది చేస్తున్నాం. రిక్వైర్‌మెంట్ ఏంటని అడిగితే పాతది ఎలా ఉందో అచ్చం అలాగే కావాలి, అదే రిక్వైర్‌మెంట్ అంటున్నారు. మా టీమ్ హ్యాపీ, నాకు మాత్రం భయంగా ఉంది. నా భయం కరెక్టేనా?
(విశాఖపట్నం నుంచి ఒక డెవలపర్)

జవాబు: కరెక్టే, ఇంకాస్త భయపడినా తప్పులేదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది, యూరప్ వాళ్ల ఏరియన్ 5 రాకెట్. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి మొదటిసారి ఎగిరింది, ఇంజిన్ అంటుకున్న దాదాపు 37 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది, అందులో నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలు ఉన్నాయి. రాకెట్ ఎటు వాలింది ఎంత వేగంతో పోతోంది అని లెక్కగట్టే యూనిట్‌ని, సాఫ్ట్‌వేర్‌తో సహా, బాగా పనిచేస్తున్న ఏరియన్ 4 నుంచి తెచ్చి పెట్టారు. అందులో ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, దాని పని రాకెట్ లేవకముందు నేల మీద ఉన్నప్పుడే. కానీ లేచాక కూడా ఓ 40 సెకన్లు నడుస్తూ ఉండేలా పెట్టారు, ఎందుకంటే పాత రాకెట్లలో కౌంట్‌డౌన్ చివర్లో ఆగితే మళ్లీ త్వరగా మొదలుపెట్టడానికి అది పనికొచ్చేది. ఏరియన్ 5కి ఆ అవసరమే లేదు. అయినా పాతదాంట్లో ఉంది, బాగానే నడుస్తోంది, ఎందుకు కదపడం అని ఉంచేశారు.

కొత్త రాకెట్ దారి వేరు, పక్కవైపు వేగం పాతదానికన్నా చాలా త్వరగా పెరిగింది. ఆ అంకెని 16 బిట్ల డబ్బాలోకి కుక్కబోయారు, అందులో 32,767 కన్నా పెద్ద అంకె పట్టదు. ప్రోగ్రాం ఆగిపోయింది, స్పేర్‌గా పెట్టిన రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ ఆగింది. ఎంక్వైరీలో తేలిందేంటంటే, ఆ యూనిట్ స్పెసిఫికేషన్లో ఏరియన్ 5 వెళ్లే దారి వివరాలే రాయలేదు. కోడ్ రాసినవాళ్లు ఏరియన్ 4కి సరిగ్గానే రాశారు, పాత అవసరం పోయిందా ఉందా, కొత్త అవసరం ఏంటి అని రిక్వైర్‌మెంట్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు.

మీ ఫ్యాక్టరీలో రాకెట్లు ఎగరకపోవచ్చు, కానీ ఆ పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని రూల్స్ పదులకొద్దీ ఉంటాయి. కాబట్టి అచ్చం అలాగే అన్నమాటని ఒప్పుకోకండి. పాత మెనూలో ఉన్న ప్రతి స్క్రీన్, ప్రతి రిపోర్ట్ ఒక లిస్టు రాయండి. పక్కన ఇది చివరిసారి ఎవరు, ఎప్పుడు వాడారు, ఎందుకు వాడారు అని నింపండి, లాగ్స్ (ఎవరు ఎప్పుడు ఏం వాడారో కంప్యూటర్ రాసుకునే రికార్డులు) ఉంటే వాటిలోంచి తీయండి. ఎందుకు అన్న చోట ఎవరూ జవాబు చెప్పలేనివి విడిగా పెట్టి, ఫ్యాక్టరీలో బాగా సీనియర్ ఎవరున్నారో ఆయన దగ్గరికి వెళ్లండి, రిటైరైనా సరే ఇంటికెళ్లి అడగండి. మళ్లీ గుడ్డిగా తీసేయడం కూడా ప్రమాదమే, ఆడిట్ కోసం ఏడాదికొక్కసారే వాడే రిపోర్ట్ ఉంటుంది, అది కొద్ది నెలల లాగ్స్‌లో కనపడదు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. మా ఊరి చుట్టుపక్కల ఆసుపత్రుల కోసం అపాయింట్‌మెంట్ యాప్ చేయిస్తున్నాం. రిక్వైర్‌మెంట్స్‌లో యాప్ తెలుగులో కూడా ఉండాలి అని ఒక లైన్ రాశా. హైదరాబాద్ టీమ్ రెండు రోజుల పని అన్నారు. నాకు ఎక్కడో అనుమానం. ఆ ఒక్క లైన్ సరిపోతుందా?
(అమెరికా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే తెలుగులో కూడా ఉండాలి అన్న లైన్ నేను చూసిన ప్రతి డాక్యుమెంట్‌లో ఆఖరి పేజీలో ఉంటుంది, దాని మీద ఎవరూ పది నిమిషాలు కూర్చోరు. బటన్ల మీద మాటలు తెలుగులోకి మార్చడం రెండు రోజుల పనే. మిగతాది చూడండి.

ముందు పేరు. అప్లికేషన్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు డబ్బాలు పెడతారు, రెండూ తప్పనిసరి అంటారు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, చాలామంది దాన్ని ఇనిషియల్‌తో సరిపెడతారు, కొందరు అసలు రాయరు. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే డబ్బాలో పడి అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదు అని పడ్డవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్ల తిప్పలు మీకు తెలిసే ఉంటాయి. మీ యాప్‌లో ఒకే డబ్బా పెట్టి మీ పేరు మీరు రాసుకునేటట్టే రాయండి అంటే పోతుంది.

ఆ డబ్బా సైజు. శ్రీనివాసరావు అన్న పేరు కంటికి ఆరు అక్షరాలు. కంప్యూటర్‌కి మాత్రం ఒక్క శ్రీ అంటేనే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు, మొత్తం పేరు 13. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కోటీ 3 బైట్లు, అంటే 39 బైట్లు. డేటాబేస్‌లో పేరుకి 30 బైట్లే ఇచ్చి ఉంటే ఆయన శ్రీనివాసర అయిపోతాడు, చీటీ మీద అలాగే ప్రింటవుతుంది. పెద్దాయన ఆ చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి నా పేరు ఇది కాదమ్మా అంటుంటే ఆ నర్సు ఏం చెప్పాలి?

ఎస్ఎమ్ఎస్ సంగతి మీ బడ్జెట్‌కి సంబంధించింది. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, అందులో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా చాలు ఆ లెక్క 70కి పడిపోతుంది, అది కూడా ఇందాక చెప్పిన కంప్యూటర్ లెక్క, కంటి లెక్క కాదు. డాక్టర్ పేరు, తేదీ, టైము, ఆసుపత్రి అడ్రస్ రాస్తే ఇంగ్లీషులో ఒక మెసేజ్, తెలుగులో రెండో మూడో అవుతుంది, డబ్బులూ అన్ని రెట్లు. పైగా మన దేశంలో ఇలాంటి మెసేజ్‌ల టెంప్లేట్లు (మెసేజ్ నమూనాలు) ముందే రిజిస్టర్ చేయించాలి, తెలుగు టెంప్లేట్ విడిగా చేయించుకోవాలి. ఇదంతా రిక్వైర్‌మెంట్‌లో లేకపోతే గో లైవ్ ముందు వారం తెలుస్తుంది, అప్పుడు ఇంగ్లీషులోనే పంపేద్దాంలే అంటారు. ఎవరికోసం యాప్ మొదలుపెట్టారో ఆ అవ్వకి మెసేజ్ అర్థం కాదు.

అడ్రస్‌లో జిల్లా ఉంటుంది కదా, అది ఇంకో కథ. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కొత్తగా చేరి 33 అయ్యాయి. ఆంధ్రాలో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పేర్లూ మారాయి, వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. జిల్లాల లిస్టు కోడ్‌లో రాసేసిన టీములు ఆ రోజుల్లో పడ్డ పాట్లు నేను దగ్గర్నుంచి చూశా, లిస్టులో కొత్త పేర్లు కలపడం ఒక పూట పని, కానీ పాత రికార్డులు ఏం చెయ్యాలి? జనగామ మనిషి 2015 కేసు షీట్‌లో వరంగల్ జిల్లా అనే ఉంటుంది, అది తప్పు కాదు, ఆ రోజుకి అదే నిజం. కాబట్టి జిల్లాకి ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అన్న తేదీలు ఉండాలి, ఊరు మారదు జిల్లా మారుతుంది అని డిజైన్ చెయ్యాలి. పేషెంట్‌ని వెతికేటప్పుడు జిల్లా మీద ఆధారపడకుండా ఊరూ ఫోన్ నంబరూ వాడమనండి.

ఇంకా, అంకెలు 1,00,000 అని పడాలి, 100,000 అని పడితే మనవాళ్లు తడుముకుంటారు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే బటన్ ఉండాలి, అందరూ చదవలేరు కదా. తెలుగు టైపు చెయ్యడం రానివాళ్లకి మాట్లాడితే రాసుకునే ఏర్పాటు ఉండాలి. మీ ఊళ్లో మీ అమ్మగారి వయసు వాళ్లని ముగ్గుర్ని కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, రేపు పొద్దున కంటి డాక్టర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి అని మాత్రం చెప్పి, మీరు నోరు మూసుకుని చూడండి. సాయం చెయ్యాలని చెయ్యి లాగేస్తుంది, చెయ్యకండి. వాళ్లు ఎక్కడ ఆగారో అదే మీ తెలుగు రిక్వైర్‌మెంట్. హైదరాబాద్ టీమ్‌కి ఆ వీడియో పంపితే రెండు రోజులు అన్న మాట వాళ్లే వెనక్కి తీసుకుంటారు.

ప్రశ్న: మాది ఎజైల్ టీమ్, అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ పోయే పద్ధతి. ఎజైల్‌లో డాక్యుమెంట్లు ఉండవు, స్టోరీ కార్డు (యూజర్‌కి ఏం కావాలో ఒకటి రెండు లైన్లలో రాసేది) చాలు అని మా లీడ్ అంటాడు. కార్డు మీద యూజర్‌కి రిపోర్ట్ ఫాస్ట్‌గా రావాలి అని ఉంటుంది. టెస్టర్‌గా నేనేం టెస్ట్ చెయ్యాలి?
(బెంగళూరు నుంచి ఒక టెస్టర్)

జవాబు: 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో రాసినప్పుడు డాక్యుమెంట్లు వద్దు అనలేదండీ. బండెడు డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువిస్తాం అన్నారు, డాక్యుమెంట్లకీ విలువ ఉందని దాంట్లోనే రాశారు. స్టోరీ కార్డు అనేది కూడా కూర్చుని మాట్లాడుకుందాం అన్న గుర్తు. మాట్లాడుకున్నాక ఏది జరిగితే పని అయిపోయినట్టో కార్డు వెనక రాసుకోవాలి, అదే వదిలేస్తున్నారు.

ఫాస్ట్‌గా అన్న మాట వినగానే మీరు మూడు ప్రశ్నలు అడగండి, ఏ రోజు, ఎంతమంది వాడుతుండగా, ఎన్ని సెకన్లు. నెలాఖరు రోజు సాయంత్రం, 40 మంది లాగిన్ అయ్యి ఉండగా, ఆ నెల కలెక్షన్ రిపోర్ట్ 10 సెకన్లలో రావాలి. ఇలా రాస్తే మీరు టెస్ట్ చెయ్యగలరు, డెవలపర్‌కి ఎలా కట్టాలో తెలుస్తుంది. ఒక్కోసారి ఈ ప్రశ్నలు అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఒకచోట నాకు అలాగే తెలిసింది, రిపోర్ట్ తీసే ఆవిడకి రిపోర్ట్ ఫాస్ట్‌గా రావడం ముఖ్యం కాదు, ఆరు గంటల బస్సు అందుకోవాలి, రిపోర్ట్ వచ్చేదాకా సీట్లోంచి లేవకూడదు. రాత్రి తనంతట తానే తయారై పొద్దున్నే మేనేజర్ మెయిల్‌లో ఉండేలా చేశాం, స్పీడ్ సంగతే అవసరం పడలేదు. మీ లీడ్‌తో గొడవ పెట్టుకోకండి, ఈసారి కార్డు ముందుకొచ్చినప్పుడు ఈ మూడు ప్రశ్నలు ఆ మీటింగులోనే అడగండి, నంబర్ రానిదే ఎస్టిమేట్ ఇవ్వకుండా చూడండి.

ప్రశ్న: క్లయింట్ ఎండీ ఒకటి చెప్తారు, అకౌంట్స్ మేడమ్ దానికి రివర్స్ చెప్తారు. మధ్యలో ఎండీ గారి అబ్బాయి రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, చిన్న మార్పే కదా అని. అన్నీ తప్పనిసరి అంటారు. ఎవరి మాట వినాలి?
(విజయవాడ నుంచి ఒక ప్రాజెక్ట్ లీడ్)

జవాబు: ముగ్గురి మాటా వినండి, కానీ తేల్చేది ఒక్కరే అని మొదటి రోజే రాయించుకోండి, ఆ పేరు ఎండీ గారితోనే చెప్పించండి. ఇద్దరూ రివర్స్‌గా చెప్పినప్పుడు మీరు మధ్యలో నిలబడి మాటలు మొయ్యకండి, ఇద్దర్నీ ఒకే గదిలో ఒకే ఇన్‌వాయిస్ ముందు కూర్చోబెట్టండి. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే అయ్యుంటుంది, ఆయన అమ్మకం రోజు గురించి మాట్లాడుతుంటారు, ఆవిడ డబ్బు చేతికొచ్చిన రోజు గురించి.

అన్నీ తప్పనిసరి అంటే మాస్కో పద్ధతి (మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అన్న నాలుగు మాటల నుంచి వచ్చిన పేరు) పెట్టండి, 1994లో డాయ్ క్లెగ్ ఒరాకిల్‌లో ఉండగా మొదలుపెట్టింది. తప్పనిసరి, ఉండాలి, ఉంటే బాగుంటుంది, ఈసారికి వద్దు అని నాలుగు గంపలు. మొదటి గంపలో ఏదైనా వెయ్యాలంటే ఒకటే పరీక్ష, ఇది లేకపోతే ఆ రోజు మీ షట్టర్ తెరవలేరా? తెరవగలం అంటే రెండో గంపలోకి. నాలుగో గంప కూడా రాసి చూపించండి, అందులో ఉన్నవి మర్చిపోలేదని వాళ్లకి నమ్మకం కలగాలి.

వాయిస్ మెసేజ్‌కి రాత్రే జవాబివ్వొద్దు. పొద్దున్నే దాన్ని మూడు లైన్లలో టైపు చేసి, నాకిలా అర్థమైంది, దీనివల్ల ఇన్ని రోజులు పెరుగుతాయి, లిస్టులో ఫలానా పని వెనక్కి వెళ్తుంది, సరేనా అని తేల్చే మనిషికి పంపండి. అబ్బాయి గారిని కూడా కాపీలో పెట్టండి, ఆయన్ని పక్కన పెట్టారని అనిపించకూడదు. సరే అన్నాకే ముట్టుకోండి.

ప్రశ్న: కర్నూల్లో బీకామ్ చదివాను, కోడింగ్ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. బిజినెస్ అనలిస్ట్ అవ్వొచ్చా, ఏ కోర్సు చెయ్యాలి?
(కర్నూలు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: అవ్వొచ్చమ్మా, తప్పకుండా అవ్వొచ్చు. బీకామ్ చదివినవాళ్లకి ఒక బిల్లు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో తెలుసు, అది ఈ పనిలో చాలా పెద్ద బలం. ఎక్సెల్ బాగా పట్టండి, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం అడిగే భాష) కొంచెం నేర్చుకోండి, ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం ప్రాక్టీస్ చెయ్యండి. కోర్సుకి డబ్బులు కట్టే ముందు ఒక పని చెయ్యండి. మీ వీధిలో తెలిసిన మెడికల్ షాపు ఉంటే అడిగి, సాయంత్రం రద్దీ టైములో రెండు గంటలు ఒక మూల కూర్చోండి. చీటీలో మందు లేకపోతే ఏం చేస్తున్నారు, సగం స్ట్రిప్ అడిగితే బిల్లు ఎలా వేస్తున్నారు, తేదీ దాటబోతున్నవి ఎలా కనిపెడుతున్నారు, అప్పు ఎక్కడ రాస్తున్నారు, అన్నీ చూసింది చూసినట్టు రెండు పేజీలు తెలుగులోనే రాయండి. తర్వాత అది ఆ షాపాయనకే చదివి వినిపించి, ఎక్కడ తప్పు రాశారో అడిగి దిద్దుకోండి. దిద్దిన కాపీ, దిద్దకముందు కాపీ రెండూ నాకు పంపండి, చూసి వచ్చే నెల మీకు జవాబు రాస్తా.